కాలువ గట్టు నుంచి ఏటి ఒడ్డుకు

పెదగంజాం దగ్గర తీపినీళ్లు ఆగిపోతాయి. కృష్ణ నీళ్లు మోసుకొచ్చే కొమ్మమూరు కాలువ అక్కడితో సరి. ఆ తర్వాతది బకింగ్‌హామ్ కాలువ. సముద్రాన్ని ఆనుకుని దక్షిణంగా మద్రాసు దాటి మరక్కాణం దాకా 400 కిలోమీటర్లకు పైగా సాగే ఉప్పునీటి దారి అది. ఒకప్పుడు ఉప్పూ ధాన్యమూ వంటచెరకూ పడవలకెక్కి ఈ దారినే మద్రాసు చేరేవి. ఇప్పుడు గట్ల నిండా సర్కారు తుమ్మ. చినగంజాం వైపు మళ్ల పక్కన పోసిన ఉప్పు కుప్పలు మార్చి ఎండకి కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కాలువలో నీళ్లకు కదలిక లేదు.

ఆటో ఆపించి మా మేనత్తా నేనూ గట్టెక్కాం. అత్తయ్య మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులున్నా ఈ ప్రయాణానికి నాకంటే ముందు తనే చీర మార్చుకుని కూర్చుంది. గట్టు మీద మట్టిని చెప్పుతో కాస్త కదిపి చూసి, "ఇదంతా తట్టల్తో మోసిందే అమ్మాయ్. మా నాయనమ్మ వాళ్ల నాయనమ్మ మోసిందంట. పొద్దున తింటే సాయంత్రం ఉంటుందో లేదో తెలీదు. అయినా మోశారు" అంది.

ఒంగోలు చుట్టుపట్ల బాప్టిస్టు ఇళ్లలో పుట్టిన పిల్లలకు 2222 అనే అంకె సండే స్కూల్లోనే వచ్చేస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున బాప్తిస్మం తీసుకున్నవాళ్ల లెక్క అది. వార్షికోత్సవాల్లో, ఉజ్జీవ కూటాల్లో ఆ అంకె చెప్పగానే హల్లెలూయ అంటారు. నేను మాత్రం ఈసారి దానికి ముందున్న 15 నెలల కోసం వచ్చాను. ఆ 15 నెలల్లో ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారు కాబట్టి ఇవ్వలేదు. ఆ సంగతి మా కూటాల్లో ఎవరూ పెద్దగా చెప్పరు.

వచ్చిన కారణం కూడా చెప్పాలి. మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదట్లో మా ఇంటికొచ్చి ప్రార్థన చేసిన వాళ్లందరూ ప్రేమ కొద్దీ వచ్చినవాళ్లే. ఆ తర్వాత ఓ బోధకుడు వచ్చాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. విశ్వాసం చాలినంత ఉంటే డయాలసిస్ మిషను అక్కర్లేదన్నాడు. ఎంత కానుక వెయ్యాలో కూడా తనే చెప్పాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది. తమ్ముడు మాత్రం యథాప్రకారం మిషను మీదే ఉన్నాడు. ఒక రాత్రి ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ, "అక్కా, నా విశ్వాసం చాలకే ఇట్టా అయిందంటావా?" అని అడిగాడు. వాడి అడుగులు తడబడుతున్నాయి, నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్న పట్టుకునే బయల్దేరాను.

ఒంగోలు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చీమకుర్తి నల్లరాయి మోసుకెళ్లే లారీల మధ్య నుంచి ఊళ్లోకి వెళ్లాం. జ్యూయెట్ పేరున్న చర్చి, క్లౌ పేరున్న ఆస్పత్రి చూశాం. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పొద్దు వాలాక ప్రార్థన కొండ ఎక్కాం. అత్తయ్య సగంలో ఓ బండ మీద కూర్చుండిపోయింది. పైనుంచి చూస్తే డాబాలూ నీళ్ల ట్యాంకులూ సెల్ టవర్లూ. కింద నుంచి బస్సు హారన్లు.

ఈ కొండ కథ వెనక ఉన్నదంతా ఫలం లేని కాలమే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేల మీద అడుగుపెట్టాడు. 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచాయి, చెప్పుకోదగ్గ ఫలం కనబడలేదు. 1853లో ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో ఈ పని మూసేద్దామా అన్న చర్చే వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్న మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రి ఓ గీతం రాశాడు. మర్నాడు అది విన్న సభ మనసు మార్చుకుంది. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చింది.

1854 జనవరి 1, తెల్లవారుజాము. ఐదుగురు ఈ కొండెక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. మన దగ్గర ఈ కథ చెప్పేటప్పుడు జ్యూయెట్ దొరగారు ప్రార్థించారు అంటారు, అక్కడితో ఆపేస్తారు. ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లన్న మాట వదిలేస్తారు. సొంత మనుషుల మధ్య వెలిపడ్డట్టు బతుకుతూ, చీకట్లో లేచి కొండెక్కి, ఎవరూ లేని ఊరి కోసం ఓ మనిషిని పంపమని అడిగినవాళ్లు ఆ ముగ్గురూ. వాళ్ల పేర్లు ప్రతి ఏడూ కూటంలో చదవాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

వాళ్లడిగిన మనిషి వెంటనే రాలేదు. 1862లో మళ్లీ మూసివేత మాట లేచింది. అప్పటికి అమెరికాలో ఉన్న జ్యూయెట్, మీరు మానేసినా నేను వెళ్తాను, వాళ్ల మధ్యే చనిపోతాను అన్నాడు. చివరికి వచ్చిన ఆ మనిషి, మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండ మీద ప్రార్థన జరిగి అప్పటికి 12 ఏళ్లు. జూలియా, రూతు ఈ 12 ఏళ్లలో ప్రతి కొత్త సంవత్సరం రోజునా ఏమనుకుని ఉంటారో అని కొండ దిగుతూ తలుచుకున్నాను. మా ఇంట్లో ఇంకా అన్ని ఏళ్లు కాలేదు. అయినా ఓపిక తరిగిపోతోంది.

"మీ తమ్ముడి గురించేనా ఆలోచిస్తన్నావ్?" అంది అత్తయ్య, బండ మీద నుంచి లేస్తూ. నా మొహం చూస్తే ఆమెకు తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున్నే కొత్తపట్నం రోడ్డు పట్టాం. ఒంగోలుకు తూర్పున, సముద్రం వైపు వెళ్తుంటే కాలువ అడ్డం వస్తుంది. వంతెన మీద దిగాం. నీళ్లలో వల ఒకటి కర్రలకు కట్టి ఉంది. గట్టు వెంబడి గేదెలు మేస్తున్నాయి. ఇక్కడ రాయీ లేదు, పలకా లేదు. నా దృష్టిలో మాత్రం ఒంగోలు కొండ ఎంత పవిత్రమో ఈ గట్టూ అంతే.

1876లో వానలు పడలేదు. ధాత నామ సంవత్సరం కాబట్టి ఆ కరువుకు ధాత కరువు అని పేరు. దక్షిణాదిలో జనం లక్షల్లో చనిపోయారు. ఆకలి తర్వాత కలరా, కలరా తర్వాత జ్వరాలు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, 1877లో కూలి కోసేసింది. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. బరువు పని చేసే మనిషికి అది ఏ మూలకి? గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టిన ఈ కాలువను ఒంగోలు ప్రాంతంలో తవ్వించింది ఆ కరువు పనుల కిందే. క్లౌ యువకుడిగా మిన్నెసోటాలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగపల్లెల నుంచి వేలమంది వచ్చారు. ఎండిన మనుషులు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, నాలుగు తట్టలెత్తగానే కూలబడిపోయేవాళ్లు. పని చూసే మేస్త్రీలు తెలుగు బోధకులే. ఆ సంగతి ఈ చరిత్రంతటికీ ఆయువుపట్టు. మామూలు కరువు పనిలో మేస్త్రీ అంటే తిట్లూ దెబ్బలూ. ఇక్కడ మేస్త్రీ ఆగి, నీ ఊరేది, ఇంట్లో ఎవరు పోయారు అని అడిగేవాడు. పొద్దుగూకి పలుగు పక్కన పెట్టాక జనం చుట్టూ చేరేవాళ్లు. వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పించుకున్న మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది, బరువు మోసి అలసినవాళ్లను యేసు తన దగ్గరికి పిలిచేది. తట్ట దించిన భుజం మీద ఆ మాట ఎలా పడి ఉంటుందో వేరే చెప్పాలా?

చాలామంది అప్పుడే బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. చేతిలో కరువు సహాయనిధి డబ్బుంది, కూలి ఇచ్చేది తనే. ఆకలి మీదున్న మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు, అలా ఒప్పించుకున్నది విశ్వాసం కాదని ఆయనకు తెలుసు. డబ్బు పంచడం అయిపోయేదాకా ఎవరికీ లేదన్నాడు. అలా 15 నెలలు. కూలి మాత్రం పనిచేసిన ప్రతివాడికీ ఇచ్చాడు, నమ్మినా నమ్మకపోయినా.

బియ్యం కోసం మతం మారారు అన్న మాట మా వాళ్లు తరతరాలుగా పడుతున్నారు. నేనూ కాలేజీలో పడ్డాను. ఆకలినీ నమ్మకాన్నీ కత్తితో కోసినట్టు విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆపదలో పక్కన నిలబడ్డ మనిషి దేవుడి మీద గురి కుదరడం మానవ సహజం, అందులో తప్పేముంది? కానీ బియ్యమే కావలసింది అయితే, బియ్యం దొరికే రోజుల్లో వాళ్లకు బాప్తిస్మం దొరకలేదు. అది దొరికేనాటికి బియ్యం పంచడం ఆగిపోయింది. ఇది రికార్డులో ఉన్న సంగతి.

పైగా క్రైస్తవులయ్యాక ఆ బతుకేమీ సుఖమైంది కాదు. కరువుకు పదేళ్ల ముందే ఎర్రగుంట్ల పేరయ్య ఆ దారి చూపించాడు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారం మీద తిరిగినవాడు, యోగసాధన చేసిన గురువు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన వెనక వచ్చినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిక. ఊరి జాతరలో డప్పు కొట్టం అన్న మాదిగ మీద ఊరు ఊరంతా కక్ష గట్టింది. బావి దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోంచి తీసేశారు. ఆ నష్టం వేరే రూపంలో ఇవాళ్టికీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాల మాదిగ కుటుంబాలకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సి. లాభం చూసుకుని వచ్చినవాళ్లయితే ఏనాడో వెళ్లిపోయి ఉండాలి.

వంతెన మీద అత్తయ్య ప్రార్థన చేసింది. హబక్కూకు ప్రవక్త మాట తలుచుకుంది. చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా దేవుడిలోనే ఆనందిస్తానని చివరి అధ్యాయంలో ఆయన అన్న మాట. ఆస్పత్రి వార్డుల్లో బతుకంతా గడిపిన ఆమె గొంతులో అది కొత్తగా వినబడింది. నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. పశువులు మేసే కాలువ గట్టు మీద, కరువులో తవ్విన మట్టి మీద నిలబడి వినడం మాత్రం అదే మొదలు.

వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరాన 10 మైళ్లు, మద్దిపాడు మండలం. హైవే దిగి ఊళ్లోకి తిరిగితే పొగాకు బేళ్లు వేసుకున్న ట్రాక్టర్లు వరుసగా వేలం కేంద్రం వైపు పోతున్నాయి. గాలి నిండా పొగాకు ఘాటు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మల్లవరం రిజర్వాయరు దాటి ఇటు వస్తుంది. 2022లో ఆ రిజర్వాయరు గేటొకటి కొట్టుకుపోయి నీళ్లు సముద్రం పాలయ్యాయి. మేం వెళ్లిన రోజు ఏట్లో ఇసుక మేటల మధ్య పాయగా పారుతోంది, మోకాలి లోతు. ఒడ్డున పశువుల్ని తోలుకొచ్చిన పెద్దాయన అత్తయ్యను చూసి, "యాడ నుంచమ్మా?" అని అడిగాడు. చీరాల అని చెప్తే, "మీవాళ్లు జూలైలో వస్తుంటారు. ఇప్పుడేం చూస్తారు, నీళ్లు కూడా లేవు" అన్నాడు.

చూడవలసింది ఉంది. 1878 జూన్ నాటికి డబ్బు పంచడం ముగిసింది. క్లౌ బోధకులకు కబురు పెట్టి, వెల్లంపల్లికి క్రైస్తవుల్ని మాత్రం తీసుకురండి, మిగతావాళ్లను ఆపండి అన్నాడు. వినకుండా జనం వచ్చేశారు. మీకివ్వడానికి నా దగ్గర ఇక డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండి అని చెప్పాడు. వాళ్లు కదల్లేదు. సాయం వద్దన్నారు. కష్టపడ్డామనడానికి మా చేతుల బొబ్బలే సాక్ష్యం, ఇక ముందూ పని చేసుకునే బతుకుతాం అన్నారు. ఈసారీ పంట పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగా చావనివ్వండి అని అడిగారు. ఆ మాటలు క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివిన ప్రతిసారీ నా దృష్టి ఆ బొబ్బల మీదే ఆగుతుంది. పంట పండిస్తావని నమ్ముతున్నాం అని వాళ్లు దేవుడితో అనలేదు. పండకపోవచ్చని తెలిసే ఏటి దగ్గరికొచ్చారు.

జూలై 2న 614 మంది, 3న 2222, 4న 700. బోధకులు ఆరుగురు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగారు. అలిసినవాళ్లు గట్టెక్కితే మరో ఇద్దరు దిగేవాళ్లు. పొద్దున మొదలుపెట్టి ఎండలో కాసేపు ఆగి మళ్లీ సాయంత్రం దాకా. అందరూ తెలుగు బోధకులే. ఏడాది ముందు కాలువ మీద మేస్త్రీలుగా ఉన్న బోధకులకు ఈ ముఖాలు కొత్తవి కావు. ఎవరు ఏ ఊరో, ఎవరి ఇంట్లో ఎంతమంది పోయారో వాళ్లకు తెలుసు.

ఒడ్డు మీద నుంచే తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ పూట వాడు మిషను మీద ఉన్నాడు. వెనక నుంచి దాని బీప్ శబ్దం వినబడుతోంది. "నీళ్లున్నాయా అక్కా ఏట్లో?" అన్నాడు. ఉన్నాయి, కొద్దిగా అన్నాను. బొబ్బల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మరి వాళ్లకా ఏడు పంట పండిందా?" అని అడిగాడు. కొందరికి పండింది, కొందరు కరువు వెనకొచ్చిన జ్వరాల్లో పోయారు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పోయినవాళ్ల విశ్వాసం తక్కువని ఎవరూ అన్లేదు కదా" అన్నాడు. ఎవరూ అన్లేదు అన్నాను. "సరే అయితే. ఇంకో రెండు గంటలుంది, అత్తయ్యకియ్యి" అన్నాడు.

వాడు నయమయ్యాడని రాయడానికి లేదు. ఇవాళ్టికీ వారానికి మూడుసార్లు వెళ్తున్నాడు. మిషను మీద ఉన్నంతసేపూ పక్క మంచాల వాళ్ల పేర్లు రాసుకుని వాళ్ల కోసం ప్రార్థన చేస్తున్నాడు. నా విశ్వాసం చాలదా అని మళ్లీ అడగలేదు. ఇంతకుముందు బాగుచెయ్యమని ఒక్కటే అడిగేవాడు. ఇప్పుడు దానితో పాటు ఇంకెన్నో అడుగుతున్నాడు, ఎక్కువ భాగం వేరేవాళ్ల కోసం.

ఒంగోలు వెళ్లేవాళ్లు కొండ ఒక్కటే చూసి తిరిగి రాకండి. కొత్తపట్నం బస్సెక్కి కాలువ వంతెన దగ్గర దిగండి, గట్టు మీద కాసేపు నడవండి. ఆ తర్వాత వెల్లంపల్లి వెళ్లండి. తిరిగొచ్చాక మీ సంఘంలో మంచాన పడ్డ మనిషి ఇంటికి వెళ్లినప్పుడు ఆ మనిషి విశ్వాసం కొలవకండి, కానుక మాట ఎత్తకండి. కారేజీ పట్టుకెళ్లండి. ఆస్పత్రిలో ఒక రాత్రి కాపలా పడుకుని ఆ ఇంటివాళ్లను నిద్రపోనివ్వండి. ప్రార్థన ఆ తర్వాత చెయ్యండి.